పెరటిలో ఒక వేసవి దినము

వేసవిలో పొలము పనులు కొంత తెరపి ఇచ్చును. ఒక దినము తెల్లవారినది మొదలు చీకటి పడు వరకు, నాలుగైదు పర్యాయములు, పెరటిలో పావుగంట చొప్పున ఊరక కూర్చుండి చూడుడు. పురుగుమందు డబ్బా మూత తీయుటకు ముందు ఈ పని తప్పక చేయవలెను. ఎందుకో చెప్పెదను.

ఆరేండ్ల క్రిందట వేసవిలో మా పెరటి అలసంద తీగలకు నల్లని పేనుబంక పట్టినది. లేత కొసలన్నియు జిగురెక్కి, చీమలు బారులు తీరినవి. వాటి నడుమ, నల్లని ఒడలిపై పసుపు, తెలుపు మచ్చలతో, మొసలిపిల్ల వలె ప్రాకు చిన్న పురుగులు కనబడినవి. తీగను తినుచున్నవి ఇవియేనని మా అమ్మ మందు కొట్టుమన్నది, కొట్టితిని. వ్యవసాయశాస్త్రము చదివియు వంగి దగ్గరగా చూడనైతిని. ఆ మచ్చల పురుగులు చచ్చినవి. పేనుబంక కొలది దినములలోనే తిరిగి వచ్చినది. చచ్చినవి అక్షింతల పురుగు పిల్లలు! గుండ్రని, మెరయు పెద్దపురుగును అందరును గుర్తింతురు. దాని పిల్ల దానిని ఏమాత్రమును పోలియుండదు. ఒక్కొక్క పిల్ల పెరిగి పెద్దదగులోగా వందలకొలది పేనును తినును.

కనుక ఉదయము ఎండ ముదరకముందే ఆకులు త్రిప్పి చూడుడు. పేను విసర్జించు తీపిబంకకై చీమలు కాపలా కాయుచు అక్షింతల పురుగులను తరుముట కనబడును. మచ్చల పిల్లలున్నచో మందు జోలికి పోవలదు. బంక దట్టముగా పట్టిన కొసలను త్రుంచి వేసిన చాలును.

గేదెలను విడుచు వేళ తోక చీలిన నల్లపిట్ట, ఏట్రింత, వాటి వీపున వాలును. గడ్డిలోనుండి లేచు పురుగులను గాలిలోనే అందుకొనును. కూరపాదుల నడుమ ఒక ఎండుకొమ్మ నాటినచో అక్కడను వాలును.

మిట్టమధ్యాహ్నమున గోరువంకలు నీడలో నోరు తెరచి రొప్పుచుండును. పక్షులకు చెమట పట్టదు. ఒడలి వేడిని ఇట్లు పోగొట్టుకొనును. లోతులేని మూకుడులో నీరు పోసి, తేనెటీగలు వ్రాలుటకు ఒక రాయి ఉంచుడు. నీటిని ప్రతిదినము మార్చనిచో దోమలు పెరుగును.

చీకటి పడిన పిమ్మట తెల్లని ముఖముగల గుడ్లగూబ ఎగిరినచో కీడని రాళ్లు రువ్వవలదు. మరునాడు అది వాలిన చెట్టు క్రింద నల్లని ఉండలు దొరకును. పుల్లతో విప్పి చూచినచో ఎలుక బొచ్చు, ఎముకలు, ఒక్కొక్కప్పుడు నిండు పుర్రెయు ఉండును. అరగనివాటిని గుడ్లగూబ ఇట్లు కక్కును. బ్రోమడయోలోన్ ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. మత్తుగా తిరుగుచున్న దానిని పట్టి తిన్న గుడ్లగూబయు చావవచ్చును. ఆ ఎర పెట్టిన దినములలో ప్రతి ఉదయమును చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను.