గీతకు ముందు కొలత

డిప్లొమానో, బీటెకో పూర్తిచేసి మెకానికల్, సివిల్ ఉద్యోగాల వేటలో ఉన్నారా? రెజ్యూమెలో ఆటోక్యాడ్ అని రాసే ఉంటారు. ఇంటర్వ్యూలో తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చి ‘ఈ స్టూల్ గీయండి’ అంటే? సాఫ్ట్‌వేర్ గీతలు గీస్తుంది కానీ, ఏ కొలత కావాలో చెప్పాల్సింది మీరే. ఆ అలవాటు కాగితం మీదే బాగా పడుతుంది.

నిష్పత్తి తేల్చుకోండి

స్కేలంటే చేతిలోని పట్టీయే కాదు, నిష్పత్తి కూడా. మొదటి అంకె కాగితానిది, రెండోది వస్తువుది. 1:5 అంటే కాగితంపై 1 మి.మీ., వస్తువులో 5 మి.మీ. 2:1 అయితే అసలుకు రెట్టింపు.

గుండ్రటి స్టూల్ ఎత్తు 450, పైపలక వ్యాసం 300 మి.మీ. అనుకుందాం. ఏ4 కాగితం 210×297 మి.మీ. 1:2లో ఎలివేషన్ ఎత్తే 225 అవుతుంది. దాని కింద 150 మి.మీ. ప్లాన్ పట్టదు. 1:5లో ఎత్తు 90, వ్యాసం 60. రెండూ పట్టి, కొలతలు రాయడానికీ చోటు మిగులుతుంది. మన దేశంలో అనుసరించే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో ఎలివేషన్ కిందే ప్లాన్ రావాలని మరవొద్దు.

ఇక్కడే జాగ్రత్త

* ముందు మధ్యరేఖలు 2హెచ్ పెన్సిల్‌తో పలచగా గీయండి.
* కాంపస్‌ను 30 మి.మీ.కే తెరవాలి. 60 తెరిస్తే వృత్తం రెట్టింపవుతుంది.
* కొలత దగ్గర 90 కాదు, అసలు ఎత్తు 450 రాయాలి. షీటుపై ‘స్కేలు 1:5’ అని రాయాలి.

నట్టు గీయమంటే?

మూల నుంచి ఎదురు మూలకు కొలత 30 మి.మీ. అయితే, 15 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కాంపస్ కదపకుండా అదే కొలతతో చుట్టూ ఆరు గుర్తులు పెట్టి కలిపితే షడ్భుజి సిద్ధం. స్పానర్ సైజు ఇస్తే లెక్క మారుతుంది. అది ఎదురెదురు భుజాల మధ్య దూరం. అప్పుడు షడ్భుజి వృత్తానికి బయట, దాన్ని తాకుతూ వస్తుంది. ఏ కొలత ఇచ్చారో అడిగి తెలుసుకున్నాకే పెన్సిల్ పట్టండి.

ఈ వారం ఇలా చేయండి

గ్లాసు, తాళంకప్ప, స్విచ్‌బోర్డు... రోజుకొకటి కొలిచి గీయండి. వస్తువు దాచేసి, కాగితం మాత్రం స్నేహితుడికివ్వండి. ‘ఇదెంత?’ అని అతను అడిగిన ప్రతి చోటా మీరో కొలత వదిలేశారన్నమాట. ఆ ప్రశ్న రాని రోజున మీ డ్రాయింగ్ వర్క్‌షాప్‌కు పంపడానికి సిద్ధమైనట్టే.