ఎడమకాలి పాఠము

ఫుట్‌బాల్ క్రీడకు పుట్టినిల్లు ఇంగ్లండు. ఐనను ఆ దేశపు ఆటగాడైన జిమ్మీ హోగన్‌ను పుట్టినింటికంటె పరాయి దేశములే ఎక్కువగా మన్నించినవి. 1882లో లాంకషైరున జన్మించి, ఫుల్‌హాం, బోల్టన్ జట్లలో ఆడిన ఆయన పిదప ఆస్ట్రియా, హంగరీలలో శిక్షకుడయ్యెను. 1953 నవంబరు 25న వెంబ్లీ మైదానమున హంగరీ జట్టు ఇంగ్లండును 6-3తో ఓడించినప్పుడు, ఆ విద్య హోగన్ పెట్టిన భిక్షయే యని హంగరీ క్రీడాపెద్దలు చెప్పుకొనిరి.

అట్టి గురువు మనకును ఒకడుండెను. ఆయన సీమనుండి దిగివచ్చినవాడు కాడు, హైదరాబాదు బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించి, ఉస్మానియాలో పట్టభద్రుడై, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పాఠములు చెప్పెను. నల్లగొండ, మహబూబ్‌నగరములు ఇంకను నిజాము రాజ్యమున జిల్లాలుగా నున్న 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. ఆయన తీర్చిదిద్దిన నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది.

ఇంతటి ఫలితమునకు మూలమేమి? బంతి చిక్కినంతనే దానిని వదలక తానొక్కడే తీసికొనిపోవుట పిల్లల స్వభావము. వలదని వందసార్లు చెప్పినను వినరు. రహీం చెప్పుటతో ఆగలేదు. బంతిని కాలితో నడిపించుకొని పోరాదను నియమముతో పోటీలే పెట్టించెను. ప్రక్కవానికి అందింపక గత్యంతరము లేదు గదా! అలవాటులేని కాలితోనే తన్నవలెనని మరియొక నియమము. కుడికాలివాడు ఎడమకాలితో తంటాలు పడవలసినదే. పలక యిచ్చి ఎడమచేత అక్షరములు దిద్దుమన్నట్లే యిది. మొదట నగుబాటు, పిమ్మట అలవాటు. నియమమే పాఠము చెప్పును; పంతులు గట్టున నిలిచి చూచిన చాలును. పాలమూరు బడియందైనను, దేవరకొండ బడియందైనను దీనికి కావలసినది ఒక బంతి, కొంత ఎఱ్ఱనేల; అంతే.

భారత జట్టు బాధ్యత ఆయనకు పూలబాట కాలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము వచ్చినది. మరుసటి యేడే హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరపరాజయము. మనవారు పలువురు బూట్లు లేకయే ఆడిరి. అట్టి దేశము 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాల్గవ స్థానమున నిలిచినది.

1962లో జకార్తాకు పోవునాటికి క్యాన్సరు ఆయనను పట్టి పీడించుచుండెను. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానీయనందుకు భారత ప్రతినిధి ఆక్షేపించెను. అందుచే అచటి జనము మనవారిపై మండిపడిరి. తొలి ఆటలోనే దక్షిణ కొరియాతో ఓటమి. రక్షకుడు జర్నైల్‌సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని కూర్చుండబెట్టలేదు, ముందువరుసకు పంపెను! సెప్టెంబరు 4న తుదిపోటీలో మరల ఆ కొరియాయే ఎదురైనది. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేయగా భారతము 2-1తో గెలిచినది. గోలు కాచిన తంగరాజ్, యూసఫ్‌ఖాన్, అమ్ముగూడ బలరాం హైదరాబాదు గడ్డపై పెరిగినవారే.

ఆ విజయమునకు పదవ నెలలో, 1963 జూన్ 11న, రహీం కన్నుమూసెను. ఆ పిమ్మట 2023 క్రీడల వరకు ఆసియా ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దక్కలేదు.