నెమెసిస్: ఒక ఇనుప యుద్ధనౌక చరిత్ర

ఇనుము నీట మునుగును. ఇనుప ఓడ నీటిపై తేలును. ఈ రెండును ఎట్లు పొసగునని పిల్లలు తల్లిదండ్రుల నడుగుట కద్దు. జవాబు కష్టమైనది కాదు. ఓడ తన అడుగుభాగముతో నీటిని ప్రక్కకు త్రోయును. అట్లు తొలగిన నీటి బరువు ఓడ బరువునకు సమానమైనంతనే ఓడ తేలును. వంటింటి ఇనుప మూకుడును తొట్టిలోని నీటిపై మెల్లగ ఉంచినచో తేలును. ఒరగి లోనికి నీరు చొచ్చినచో మునుగును. ఈ చిన్న పరీక్షను ప్రతి యింటను చేసి చూపవచ్చును.

కాని ఓడను గూర్చి అడుగదగిన ప్రశ్న మరియొకటి కలదు. దానిని ఎవరు కట్టించిరి? ఎచ్చటికి, ఏ పని కొరకు పంపిరి? మొదటి ప్రశ్న విజ్ఞానశాస్త్రమునకు, రెండవది చరిత్రకు చెందినవి. ఈ రెండును ఒకేచోట కలిసిన ఉదాహరణముగ, ఈస్టిండియా కంపెనీవారి నెమెసిస్ అను ఫిరంగుల ఓడ కథను మా పాఠకుల ముందుంచుచున్నాము. ఇది పరదేశపు ఓడయే. కాని దాని కథలో మన సీమల పాలును కొంత కలదు.

నదిలోనికి పోగల ఓడ

పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున సముద్రముపై ఇంగ్లండునకు ఎదురులేకుండెను. కాని ఆ బలము నదీముఖము కడనే ఆగిపోవుచుండెను. పెద్ద తెరచాప యుద్ధనౌక తేలుటకు ఇరువది అడుగులకు మించిన లోతు కావలెను. నదీముఖమున ఇసుకమేటలు, లోపల వంపులు, ఎదురు ప్రవాహము, గాలి ఆడని దినములు - ఇవి అన్నియు లోనాటి రాజ్యములకు కోటగోడలవలె రక్షణ యిచ్చుచుండెను. యానాము వద్ద గోదావరి పాయలలో పడవ నడపిన కుటుంబములవారికి ఈ కష్టమును విప్పి చెప్పనక్కరలేదు.

ఈ గోడను ఆవిరి యంత్రము దాటగలదని మొదట తెలిసినది బర్మాలో. 1823లో కలకత్తా చెంత కిద్దిర్‌పూరులో నీటికి దింపిన డయానా అను చిన్న ఆవిరి ఓడ, 1824లో ఆరంభమైన మొదటి ఇంగ్లీషు-బర్మా యుద్ధమున ఐరావతీ నదిపై పనిచేసెను. గాలి లేకున్నను, ప్రవాహము ఎదురైనను అది ముందునకు సాగెను. తెరచాప ఓడలను త్రాళ్ళతో లాగుకొని పోయెను. బర్మావారి యుద్ధపు పడవల తెడ్లు మనుష్యుల చేతులతో నడచునవి. ఆ చేతులు అలసిపోవును, యంత్రము అలయదు. ఈ పాఠమును కంపెనీవారు మరువలేదు.

నిర్మాణము

కంపెనీ ఉద్యోగియు, నవలా రచయితయు నైన టామస్ లవ్ పీకాక్ ఆవిరి ఓడలపై మిక్కిలి పట్టుదల గలవాడు. ఆయన ప్రోత్సాహమున, లివర్‌పూలునకు ఎదుటి యొడ్డుననున్న బర్కెన్‌హెడ్డులో, లెయర్డుల కర్మాగారమున నెమెసిస్ 1839లో నిర్మింపబడెను. గర్వించినవారిని దండించు గ్రీకు దేవత పేరును దానికి పెట్టిరి.

ఓడ పొడవు 184 అడుగులు, వెడల్పు 29 అడుగులు, పరిమాణము 660 టన్నులు. ప్రక్కల నున్న రెండు చక్రములను రెండు యంత్రములు త్రిప్పును; ఆ రెంటి బలము కలిసి 120 అశ్వశక్తి. రెండు పెద్ద ఫిరంగులు ఒక్కొక్కటి 32 పౌన్ల గుండును వేయునవి. ఇరుసుపై తిరుగునట్లు అమర్చుటచే వానిని ఏ దిక్కునకైనను గురిపెట్టవచ్చును. ఇవి గాక కొన్ని చిన్న ఫిరంగులును, రాకెట్లను విడుచు గొట్టమును ఉండెను. ఈ రాకెట్ల పుట్టుక మన మైసూరు సీమది. హైదరాలీ, టిప్పుసుల్తానుల సైన్యములు వాడిన ఇనుప గొట్టపు బాణములను ఇంగ్లీషువారు యుద్ధములలో చవిచూచి, 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట పట్టుకొని పోయిరి. వానిని చూచియే కాంగ్రీవ్ అను నతడు ఇంగ్లండులో తన రాకెట్లను రూపొందించెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఓడ అడుగు. నిండు బరువుతో నున్నను దానికి ఆరడుగుల నీరు చాలును. అడుగు బల్లపరుపుగ నున్న ఓడ నదికి మంచిదే కాని, సముద్రమున గాలి తాకిడికి ప్రక్కకు జారిపోవును. అందుచే క్రిందికి దింపుటకును, పైకి తీయుటకును వీలైన రెండు పలకలను అమర్చిరి. కడలిలో దింపుదురు, నదిలో ఎత్తుదురు. ఓడ లోపలిభాగమును నీరు చొరని అడ్డుగోడలతో పలు గదులుగ విభజించిరి. ఒక గదికి చిల్లుపడినను తక్కినవి ఓడను తేల్చును.

ఇనుప ఓడకు మరియొక చిక్కు కలదు. దిక్సూచి సూదిని ఓడలోని ఇనుమే ప్రక్కకు లాగును. అయస్కాంతములను, ఇనుపముక్కలను తగిన చోటులలో నుంచి ఈ దోషమును సవరించు పద్ధతిని జార్జి ఎయిరీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు 1838లో చూపెను. నెమెసిస్‌లో ఆ పద్ధతిని అవలంబించిరి.

ప్రయాణము

విలియం హచియన్ హాల్ నాయకత్వమున నెమెసిస్ 1840 మార్చి 28న పోర్ట్స్‌మత్తు రేవును విడిచెను. అది నల్లసముద్రపు రేవైన ఒడెస్సాకు పోవుచున్నదని లోకమునకు చెప్పిరి. నిజమైన గమ్యము గుప్తముగ నుంచబడెను. ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టివచ్చిన తొలి ఇనుప ఆవిరి ఓడ ఇదియే. ఆ తీరము దాటుచుండ పెద్ద తుపాను వచ్చెను. నడుమభాగమున ఇనుప రేకులు నిలువున చీలెను. అలల ఊపునకు చీలిక నానాటికి పెరిగెను. హాల్ ఓడను మెల్లగ డెలగోవా అఖాతమునకు చేర్చి, కొత్త రేకులను, దూలములను బిగించి బాగుచేయించెను. పొడవైన ఇనుప ఓడ నడుమ ఎంత గట్టిగ నుండవలెనో ఆ చీలిక నేర్పినది. ఓడ సింహళపు గాల్ రేవున ఆగి, పెనాంగు, సింగపూరుల మీదుగ 1840 నవంబరు 25న మకావు చేరెను.

నల్లమందు తగవు

ఇంత శ్రమపడి ఈ ఓడ చైనాకు పోవలసిన కారణమేమి? బీహారు, కాశీ ప్రాంతములలో గసగసాల పంటపై కంపెనీకి గుత్తాధికారము ఉండెను. రైతులు తీసిన నల్లమందును కంపెనీవారు పెట్టెలలో నింపి కలకత్తాలో వేలము వేయుదురు. వర్తకులు దానిని కొని చైనాకు దొంగతనముగ చేర్చుదురు. చైనాలో నల్లమందు నిషిద్ధము. అయినను ఆ వ్యసనము వ్యాపించెను. ఆ దేశపు వెండి బయటికి పోయెను. 1839లో చక్రవర్తి పంపిన లిన్ జెషూ అను అధికారి కాంటను నగరమునకు వచ్చి, విదేశ వర్తకులనుండి 20,283 పెట్టెల నల్లమందును స్వాధీనము చేసికొని, జూన్ మాసమున హూమెను వద్ద గుంటలలో నీరు, ఉప్పు, సున్నములతో కలిపి నాశనము చేయించెను. ఇంగ్లండు దీనికి యుద్ధముతో బదులు చెప్పెను.

1841 జనవరి 7న చుయెన్‌పీ కోటలపై దాడి జరిగెను. నెమెసిస్ విడిచిన రాకెట్టు ఒకటి చైనా యుద్ధనౌకలోని మందుగదిని తాకగా ఆ నౌక పెద్ద మ్రోతతో ప్రేలిపోయెను. మార్చి నెలలో హాల్ ఓడను మకావునుండి లోపలి సన్నని పాయల గుండ నడిపెను. పెద్ద నౌక ఏదియు రాజాలదని నమ్మిన మార్గమది. నెమెసిస్ మూడు దినములలో ఆ దారిని దాటి, త్రోవలోని కోటలను, పడవలను ధ్వంసము చేసి కాంటనుకు దిగువనున్న వాంపోవా చేరెను. మే నెలలో కాంటనుపై దాడి జరుగగా, నగరమును విడుచుటకు 60 లక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను.

1842లో యుద్ధము యాంగ్‌ట్సీ నదికి మరలెను. జూన్ 16న వూసుంగు వద్ద నెమెసిస్ తెరచాప నౌకలను లాగి కోటల ఎదుట నిలిపెను. చైనా సేనాని చెన్ హువాచెంగ్ తన ఫిరంగుల చెంతనే పోరాడి మరణించెను. అచ్చట చైనావారు కొత్తగ చేసిన చక్రపు ఓడలు కొన్ని కనబడెను. వాని చక్రములను లోపల మనుష్యులు త్రిప్పుచుండిరి! చైనావారు తెలివిలేనివారు కారు. చూచినంతనే చక్రమును చేసికొనిరి. దానిని త్రిప్పు ఆవిరి మాత్రము వారి చేతికి అందలేదు. ఈ చరిత్రయంతటిలో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసిన సంగతి ఇదియే. పైరూపమును ఒక్క చూపున గ్రహింపవచ్చును. లోపలి సూత్రమును గ్రహించుటకు ఏండ్ల చదువు కావలెను.

జులై 21న చిన్‌కియాంగు పడెను. దక్షిణపు ధాన్యమును పెకింగునకు మోయు మహాకాలువ అచ్చటనే నదిని దాటును. ఆ కూడలి పోవుటతో రాజధానికి అన్నపు దారి మూసికొనెను. ఆగష్టు 29న నాన్‌కింగు సంధి జరిగెను. చైనా హాంకాంగును వదలుకొని, ఐదు రేవులను తెరచి, రెండుకోట్ల పదిలక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. అందులో 60 లక్షలు నాశనమైన నల్లమందు వెల! హాంకాంగు తిరిగి చైనాకు దక్కినది 1997లో.

మద్రాసు సిపాయిలు

ఈ యుద్ధమున మద్రాసు సైన్యములు పాల్గొనెను. ఆ సైన్యములలో తెలుగువారు, తమిళులు, మహమ్మదీయులు కలిసి పనిచేయుచుండిరి. 1834నుండి బెంగుళూరు కేంద్రముగ నున్న మద్రాసు సాపర్ల దళమునుండియు కొందరు చైనాకు పోయిరి. 37వ మద్రాసు దేశీయ పదాతిదళమున ఒక భాగము 1840లో ఒక ఓడ నెక్కెను. ఆ ఓడ పేరు గోల్కొండ. చైనా సముద్రమున తుపానులో చిక్కి అది గమ్యము చేరకయే మునిగిపోయెను.

అదే దళమునకు చెందిన దాదాపు అరువదిమంది సిపాయిలు 1841 మే 30న కాంటను చెంత సాన్‌యువాన్‌లీ పొలములలో పెద్దవానలో దారితప్పిరి. వారి చెకుముకి తుపాకులు తడిసి ప్రేలకుండెను. వేలకొలది గ్రామస్థులు ఈటెలతో, కర్రలతో చుట్టుముట్టిరి. సిపాయిలు నలుచదరముగ నిలిచి కాచుకొనిరి. తుదకు, తడిసినను ప్రేలు కొత్తరకపు తుపాకులు గల నౌకాసైనికులు వచ్చి వారిని విడిపించిరి.

ఆ పొలమున ఎదురెదురుగ నిలిచినవారిని ఒకమారు తలచుకొనుడు. ఇటువైపు మద్రాసు రాజధాని పల్లెలనుండి వచ్చిన రైతుబిడ్డలు. అటువైపు తమ పొలములను, సమాధులను కాచుకొనవచ్చిన రైతులు. నల్లమందు లాభములో ఈ ఇరువురికిని చిల్లిగవ్వ లేదు. సేనానుల పేర్లు గ్రంథములకెక్కినవి. ఈ సిపాయిల పేర్లను పలుకువారు లేరు.

పిమ్మటి కాలము

యుద్ధానంతరము నెమెసిస్ 1843లో కలకత్తా చేరెను. దాని సేవలను వర్ణించు గ్రంథము మరుసటి యేటనే ఇంగ్లండులో వెలువడెను. 1849 జులై 31న బోర్నియో తీరమున సముద్రపు దొంగలని పేర్కొనబడిన దయాకుల పడవలపై జరిగిన దాడిలో, సరావాకు పాలకుడు జేమ్స్ బ్రూక్ పక్షమున నెమెసిస్ పాల్గొనెను. ఆ రాత్రి చనిపోయినవారి సంఖ్యను విని ఇంగ్లండు పార్లమెంటులోనే కొందరు సభ్యులు ఇది న్యాయమాయని ప్రశ్నించిరి. 1854లో సింగపూరున విచారణయు జరిగెను. 1852లో ఆరంభమైన రెండవ బర్మా యుద్ధమునను నెమెసిస్ పనిచేసెను. డయానా దారి చూపిన జలములలోనికే ఇదియు వచ్చి చేరినదన్నమాట.

మన పిల్లలకు

నీరు చొరని గదులు, దిక్సూచి సవరణ, తక్కువ లోతున తేలు అడుగు - ఇవి అన్నియు బుద్ధిబలముచే కలిగిన మేలైన సంగతులు. వానిలో ఏ యొక్కటియు నల్లమందు కొరకు పుట్టలేదు. ఇట్టి ఓడయే వరద వచ్చినపుడు పల్లెలకు ధాన్యమును మోయగలదు. రోగికి వైద్యుని చేర్చగలదు. అదే ఓడ అన్యాయపు పెట్టెలకు కావలి కాయగలిగినది. యంత్రము తనకు తానుగ ఈ రెంటిలో దేనిని ఎంచుకొనదు. ఎంచుకొనునది దానిని పంపువాడు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లవాడు ఓడనో, రైలునో, విమానమునో చూపి "ఇది ఎట్లు నడచును?" అని అడిగినపుడు విసుగుకొనక, తెలిసినంతవరకు చెప్పుడు, తెలియనిచో వానితో కలిసి పుస్తకము తెరువుడు. చెప్పిన పిమ్మట "దీనిని దేనికొరకు నడుపుచున్నారు?" అను రెండవ ప్రశ్నను మీరే వాని ముందుంచుడు. మనము ఏ రాష్ట్రమున నివసించుచున్నను, ఇంట తెలుగు పలుకుచున్నంతకాలము, ఈ రెండు ప్రశ్నలును మన భాషలోనే పుట్టి, మన భాషలోనే జవాబు పొందవచ్చును. తొట్టిలో ఇనుప మూకుడును తేల్చి చూపుటకు పట్టునది అయిదు నిమిషములే. ఆ మూకుడునుండి యాంగ్‌ట్సీ నది వరకు పిల్లవానిని నడిపించుటకు మాత్రము ఇల్లును, పాఠశాలయు కలిసి పనిచేయవలెను.