ఔషధానికి తోడు, ఔషధానికి బదులు

గడచిన ఏకాదశి నాడు దర్శనం ముగించుకొని ఆలయ ప్రాంగణంలో కూర్చున్న ఒక తల్లి నన్ను రెండు ప్రశ్నలు అడిగినది. "అయ్యగారూ, ఒక్కపొద్దు నాడు థైరాయిడ్ గోళీ వేసుకుంటే వ్రతం చెడుతదా?" అన్నది మొదటిది. "అసలు ఆ గోళీ మానేసి మూలికల పొడి తాగితే సరిపోదా? అది ప్రకృతిలో పుట్టిందే కదా!" అన్నది రెండవది. దంతాలపల్లి, తొర్రూరు, మరిపెడ ప్రాంతాల నుండి వచ్చే భక్తుల నోట ఈ మాటలు నాకు తరచుగా వినబడుతున్నవి. మొదటి ప్రశ్నకు ధర్మశాస్త్రమే సమాధానం చెప్పినది. రెండవదానికి సమాధానాన్ని నేను నా ఇంట, నా పొరపాటు వలననే నేర్చుకొన్నాను.

వ్రతభంగం కలిగించనివి ఎనిమిది అని పెద్దలు లెక్కించారు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఎనిమిదవది ఔషధమే. కనుక ఉపవాసదినాన గోళీ వేసుకొన్నందువలన వ్రతానికి ఏ లోపమూ రాదు. వ్రతం పేరిట దానిని మానుకొనుమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఇక రెండవ ప్రశ్న. సుమారు పది సంవత్సరాల క్రితం నా ధర్మపత్నికి ఒళ్లు బరువెక్కినది. ఎండాకాలంలో కూడ చలి అనేది. గొంతు బొంగురుపోయినది, జుట్టు రాలినది. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. హెచ్చుగా ఉండుటయే గాక, థైరాయిడ్ గ్రంథికి విరుద్ధంగా పనిచేసే యాంటీబాడీలు కూడ కనిపించినవి. దీనిని హషిమోటో వ్యాధి అంటారని చెప్పి, వైద్యుడు ప్రతిదినం ఒక గోళీ వ్రాసి ఇచ్చారు.

నేను సుశ్రుతసంహిత చదివినవాడను. "ఇది మన గలగండమే. దీనికి శార్ఙ్గధరసంహితలో కాంచనార గుగ్గులువు ఉన్నది. గోళీ ఎందుకు?" అన్నాను. ఆమె నా మాట కాదనలేదు. నాలుగు నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బినది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సంధ్యాదీపం ముందు కూర్చొని స్తోత్రం మధ్యలోనే నిద్రలోకి జారుకొనేది. ఒకనాడు మనుమని పేరు కొరకు తడుముకొన్నప్పుడు నాకు భయం వేసినది. మరల పరీక్ష చేయించగా టి.ఎస్.హెచ్. మునుపటికంటె ఎన్నో రెట్లు పెరిగినది. గోళీ మరల మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు గాని ఆమె కుదుటపడలేదు. నాకు శ్లోకం తెలిసినది గాని రోగం తెలియలేదు.

నా పొరపాటు ఎక్కడ జరిగినదో చెప్పవలెను. సుశ్రుతుడు నిదానస్థానం పదకొండవ అధ్యాయంలో గలగండాన్ని మెడయందు కంటికి కనిపించే వాపుగా వర్ణించాడు. వాత, కఫ, మేదస్సుల వలన అది మూడు విధాలని చెప్పాడు. హషిమోటో వ్యాధిలో వాపు ఉండవచ్చును, లేకపోవచ్చును. దేహాన్ని కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి స్వంత గ్రంథిని శత్రువుగా భావించి క్రమంగా నశింపజేయుట ఇందులోని అసలు విషయం. జపాను వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీలలో ఈ గ్రంథి వికారాన్ని గమనించి 1912లో వర్ణించాడు. రెండు వ్యాధులూ కంఠంలోనివే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

గ్రంథి నశించిన మేరకు థైరాక్సిన్ అనే హార్మోను లోపిస్తుంది. గోళీ ఆ లోటును పూరిస్తుంది. ఈ పదార్థాన్ని 1914లో అమెరికాలో కెండాల్ వేరుపరచగా, 1927 నాటికి ఇంగ్లండులో హారింగ్టన్ దానిని ప్రయోగశాలలో తయారుచేశాడు. మన గ్రంథి తయారుచేసే థైరాక్సిన్‌కు, గోళీలోని దానికి నిర్మాణంలో భేదం లేదు. విదేశాలలో "సహజ థైరాయిడ్" అని అమ్మేది సాధారణంగా పంది గ్రంథిని ఎండబెట్టి చేసిన పొడి. సహజమన్న పేరు చూచి మోహపడే శాకాహారులు ఈ సంగతి గుర్తుంచుకోవలెను. యాంటీబాడీలు ఉన్న ప్రతివారికీ గోళీ అవసరం కాదు. హార్మోను సమంగా ఉన్నవారిని వైద్యులు అప్పుడప్పుడు పరీక్షిస్తూ గమనిస్తారు. అయితే గోళీ అవసరమైన వారికి దాని స్థానాన్ని భర్తీచేసే మూలిక లేదు.

అట్లని ప్రకృతిసిద్ధమైనవన్నీ వ్యర్థమని నా భావం కాదు. అవి తోడుగా ఉండవచ్చును, బదులు కారాదు. తోడు వచ్చేవాని గుణం కూడ తెలిసి ఉండవలెను.

అశ్వగంధ, అనగా పెన్నేరుగడ్డ, థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. గోళీతో కలిస్తే గుండెదడ, నిద్రలేమి కలుగవచ్చును. కాలేయానికి హాని కలిగిన సందర్భాలు కూడ ఉన్నవి. గర్భిణులు వాడరాదు. అయోడిన్ గ్రంథికి అవసరమే గాని, ఈ వ్యాధిలో మితిమీరితే చేటు చేస్తుంది. వంటలోని అయోడిన్ ఉప్పు చాలును. సముద్రపు నాచు గోళీల జోలికి పోరాదు. ఒక్కపొద్దునాడు సైంధవ లవణం వాడినందున నష్టం లేదు. ఏడాది పొడవునా అయోడిన్ లేని ఉప్పే వాడుట మాత్రం మంచిది కాదు.

సెలీనియం కొన్ని పరిశీలనలలో యాంటీబాడీలను తగ్గించినది. కాని దానివలన రోగికి సుఖం కలిగినదని స్పష్టంగా తేలలేదు. అది అధికమైతే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారుతవి. జుట్టు కొరకు వాడే బయోటిన్ రక్తపరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దానిని ఆపి, ఆ మాట వైద్యునికి చెప్పవలెను. విటమిన్ డి, బి12, ఇనుము లోపించినట్లు పరీక్షలో తేలితేనే తీసుకోవలెను. ఉడికించిన క్యాబేజీ, గోబీపువ్వు మితంగా తింటే భయం లేదు. పసుపు, తులసి, మునగాకు ఆహారంగా నిక్షేపంగా వాడుకోవచ్చును.

చీటీ లేని పొడి పొట్లాలను మాత్రం నమ్మరాదు. 2004లో వెలువడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా, 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు కనబడినవి. ఇది ఆయుర్వేద దోషం కాదు, తయారీ దోషం. ఆయుర్వేద వైద్యుని సంప్రదించేవారు తాము వాడే గోళీ సంగతి ఆయనకు, మూలిక సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పవలెను.

అనుపానానికి, కాలానికి మన వైద్యం పెద్దపీట వేసినది. ఈ గోళీకి కూడ కాలనియమం ఉన్నది. ఉదయం పరగడుపున మంచినీటితో వేసుకొని, అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, పాలు, ఫలహారం తీసుకొనరాదు. పంచామృతం కూడ ఆ తరువాతనే. ఇనుము, క్యాల్షియం గోళీలకు నాలుగు గంటల ఎడం ఉండవలెను. ఇసబ్‌గోల్, సోయా పదార్థాలు కూడ దీనిని సరిగా ఒంటబట్టనీయవు. తెల్లవారుజామున అభిషేకానికి వచ్చే వారు, వైద్యుని అనుమతితో, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత వేసుకోవచ్చును. మోతాదు మార్చిన తరువాత ఆరు నుండి ఎనిమిది వారాలకు మరల పరీక్ష అవసరం. గర్భం ధరించినట్లు తెలిసిన వెంటనే వైద్యుని కలుసుకొనవలెను. ఆ సమయంలో సాధారణంగా మోతాదు పెంచవలసి వస్తుంది.

ఆ తల్లికి ఇంతే చెప్పాను. "అమ్మా, తెల్లవారగానే గోళీ వేసుకో. ఆ తరువాత స్నానం చేసి, గుడికి వచ్చి తీర్థం పుచ్చుకో. పొడి సంగతి డాక్టరును అడుగు. గోళీని మాత్రం నీ అంతట నీవు మానకు." ఆమె సరేనన్నది. ఇంటికి పోయి ఈ మాట నా ధర్మపత్నికి చెప్పగా, ఆమె నవ్వి, "ఆనాడు నాకు కూడ ఇదే చెప్పి ఉండవలసినది" అన్నది. నా వద్ద సమాధానం లేదు. అందుకే ఈ వ్యాసం వ్రాశాను. స్వస్తి.