కంపైలర్ హెచ్చరికలు

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాధనం కంపైలర్. ఈ పనిలో అది రెండు రకాల సందేశాలను ఇస్తుంది. భాషా నియమం తప్పినప్పుడు ‘దోషం’ అని ప్రకటించి పనిని నిలిపివేస్తుంది. సందేహం మాత్రమే కలిగినప్పుడు ‘హెచ్చరిక’ చేసి పనిని కొనసాగిస్తుంది. పని ఆగలేదు కాబట్టి హెచ్చరికను పట్టించుకోనవసరం లేదని చాలామంది భావిస్తారు. ఆ భావన ప్రమాదకరమైనది.

పాత ప్రోగ్రాములలో ఈ హెచ్చరికలు మరీ ఎక్కువ. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో సి భాషను రూపొందించారు. 1973లో యూనిక్స్‌ను ఆ భాషలోనే తిరిగి రాశారు. ప్రోగ్రాము రాసేవారు చెప్పకుండా విడిచిన కొన్ని విషయాలను ఆనాటి కంపైలర్ తానే ఊహించుకొనేది. తరువాత 1989లో సి భాషకు అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. 1999 నాటి అంతర్జాతీయ ప్రమాణం పాత వెసులుబాట్లలో కొన్నింటిని తొలగించింది. ఈ విధంగా ప్రోగ్రాము మారకపోయినా, దానిని పరీక్షించే నియమాలూ, నడిపించే యంత్రాలూ మారాయి.

ఒక పోలికతో ఈ విషయం తేటపడుతుంది. చండ్రుగొండ వంటి ఊరిలో ఒక పాత పద్దు పుస్తకం దొరికిందనుకోండి. అందులో ‘ధాన్యం 10’ అని మాత్రమే ఉంది. రాసినవారి ఉద్దేశంలో అవి మణుగులు. కిలోలకు అలవాటుపడిన నేటి పాఠకుడు వాటిని కిలోలని పొరబడవచ్చు. అంకె సరైనదే, కొలతను చెప్పకపోవడమే లోపం.

పాత సి ప్రోగ్రాములలోనూ ఇటువంటి లోపమే కనబడుతుంది. ఒక ఫంక్షన్ ఎటువంటి విలువను తిరిగి ఇస్తుందో ముందుగా ప్రకటించకపోతే, అది పూర్ణాంకాన్ని ఇస్తుందని పాత కంపైలర్ భావించేది. ఆ ఫంక్షన్ నిజానికి మెమరీలోని ఒక చిరునామాను ఇస్తుంటే చిక్కు వస్తుంది. 32 బిట్ల యంత్రాలలో పూర్ణాంకానికీ, చిరునామాకూ ఒకే పరిమాణం ఉండడం వల్ల తప్పు బయటపడేది కాదు. నేటి 64 బిట్ల యూనిక్స్ యంత్రాలలో చిరునామాకు 64 బిట్లు, సాధారణ పూర్ణాంకానికి 32 బిట్లు. అందువల్ల చిరునామాలో సగం తెగిపోయి, ప్రోగ్రాము వేరెక్కడో కుప్పకూలవచ్చు. ఈ కారణంగానే 2024లో వెలువడిన జి.సి.సి. 14వ కంపైలర్ ఈ హెచ్చరికను దోషంగా మార్చింది.

‘గెట్స్’ అనే ఫంక్షన్ మరొక ఉదాహరణ. అది చదివే వాక్యం ఎంత పొడవైనా, కేటాయించిన చోటు దాటి నింపుతూనే పోతుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ ఈ బలహీనతను కూడా వాడుకొన్నది. 2011 నాటి ప్రమాణం ఆ ఫంక్షన్‌ను తొలగించింది.

అయితే హెచ్చరికను అర్థం చేసుకోకుండా దానిని అణచివేయడమూ ముప్పే. 2006లో డెబియన్ వ్యవస్థలో, వాల్‌గ్రైండ్ అనే తనిఖీ సాధనం చేసిన హెచ్చరికను తొలగించడానికి, రహస్య తాళాలను తయారుచేసే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. నుండి రెండు వాక్యాలను తీసివేశారు. తాళాలను ఊహకందకుండా చేసే పనికి వాటిలో ఒకటి ఆధారం. ఫలితంగా ఒక్కొక్క రకం తాళానికి సుమారు 32 వేల రూపాలే మిగిలాయి. ఈ లోపం 2008 మే నెలలో వెల్లడై, లెక్కలేనన్ని తాళాలను మార్చవలసి వచ్చింది.

కాబట్టి పాత ప్రోగ్రామును నిర్మించేవారు ముందుగా హెచ్చరికలన్నింటినీ చూపమని కంపైలర్‌ను కోరాలి. మొదటి హెచ్చరికనే మొదట పరిశీలించాలి. ఒక్క హెడర్ ఫైలు లోపించినా పదుల హెచ్చరికలు పుట్టవచ్చు. ఫైలు పేరును, వరుస సంఖ్యను చూసి కారణాన్ని గ్రహించాలి. తగిన ప్రకటనను చేర్చి, మళ్లీ నిర్మించి, ఫలితాన్ని పరీక్షించాలి. పొగ కనబడిన ప్రతిచోటా ఇల్లు కాలుతున్నదని కాదు. కానీ పొగ ఎక్కడినుండి వస్తున్నదో చూడకుండా కళ్లు మూసుకోవడం వివేకం కాదు.