జీపు ఇరుసులోని పండ్లచక్రములు



బురదలోను గుట్టలమీదను నడచు జీపునకు వేగముకంటె లాగుడుబలము ముఖ్యము. ఆ బలము చాలవరకు ఇరుసునడుమ నున్న రెండు పండ్లచక్రములపై నాధారపడియున్నది. చిన్నదానిని పీనియన్ అనియు, పెద్దదానిని క్రౌన్ అనియు మెకానిక్కు లందురు. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపులో పీనియనుకు 8 పండ్లు, క్రౌనుకు 39. 1945లో పౌరులకై వెలువడిన జీపులో 8, 43. అనగా బండిచక్ర మొక చుట్టు తిరుగుటకు షాఫ్టు మొదటిదానిలో సుమారు 4.88 చుట్లును, రెండవదానిలో 5.38 చుట్లును తిరుగవలయును. రెండవదానికి లాగుడు పదవవంతు హెచ్చు. వేగ మించుమించుగా నంతయే తక్కువ.

ఒకప్పుడు నేను నా పాత యుద్ధకాలపు జీపునకు, ఇంటియొద్దనే, వెనుక ఇరుసులో మాత్రము 43 పండ్ల జత వేసితిని. వెనుకచక్రములతో నడపినంతకాలము లోపము తెలియలేదు. నాలుగు చక్రములకును బలమిచ్చి గట్టినేలపై నడపగానే బండి బిగిసెను. వెనుకచక్రము 39 చుట్లు తిరుగునప్పటికి ముందుచక్రము 43 చుట్లు తిరుగజూచును. కాడికి గట్టిన యెడ్లలో ఒకటి పరుగిడ, రెండవది వెనుకకు లాగినట్లే. ఇట్టి పెనుగులాటలో పండ్లు విరుగును.

కావున మార్చినచో రెండిరుసులలోను మార్చవలయును. క్రౌను, పీనియను ఒకదానితో నొకటి నూరి జతపరచినవి, వానిని విడదీయరాదు. పీనియను లోతును పలుచని రేకులతో సరిచేసి, పండ్లకు రంగు పూసి త్రిప్పి, ఒరపిడిగుర్తు పంటినడుమ పడినదో లేదో చూడవలయును. పండ్లనడుమ సందును డయల్ గేజితో కొలువవలయును. ఈ గేజియు, ఓపికయు లేనివారు తెలిసిన పనివానికే యప్పగించుట మేలు.