బుక్కాపురం నుంచి రెడ్‌మండ్ దాకా

ఇంటర్ అయినాక ప్రవేశపరీక్షలో నా ర్యాంకు చూసి మా నాయన ఒక్కమాటా అనలేదు. మామ మాత్రం ఊరుకోలేదు. "ఎల్లనూరు దగ్గర బుక్కాపురమోళ్ల పిల్లోడు అమెరికాలో అంత పెద్ద కంపెనీ నడుపుతాండాడు. నీకేమొచ్చెరా?" అన్నాడు. ఆ మాట చాలాకాలం ముల్లులా గుచ్చింది. అందుకే మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల గారి గురించి దొరికినంతా చదివాను.

మొదటి సంగతి, ఆయన బుక్కాపురంలో పెరగలేదు. ఆ ఊరు ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ గారిది. యుగంధర్ గారు 1962లో ఐ.ఎ.ఎస్.లో చేరారు. ముస్సోరీ శిక్షణ అకాడమీకి డైరెక్టరుగా, కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా, ప్రణాళికా సంఘ సభ్యుడుగా పనిచేసి 2019లో కన్నుమూశారు. తల్లి ప్రభావతి గారు సంస్కృత అధ్యాపకురాలు. సత్య గారు పుట్టింది 1967లో, హైదరాబాదులో. చదివింది బేగంపేట పబ్లిక్ స్కూలులో. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ శెనక్కాయ చేలు దాటి పట్నం చేరడమనే కష్టమైన పని ఆ ఇంట్లో ఒక తరం ముందే జరిగిపోయింది. మన తరగతిలో చాలామందిమి ఆ పని ఇప్పుడు చేస్తున్నవాళ్లం. ఇది చూడకుండా పోల్చితే ఎట్లా?

రెండో సంగతి మామ నమ్మలేదు. సత్య గారు ఐ.ఐ.టి. ప్రవేశపరీక్ష తప్పారు! కుర్రతనంలో ఆయన ధ్యాసంతా క్రికెట్ మీదే. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, 1988లో అమెరికా వెళ్లి, 1990లో మిల్వాకీలో కంప్యూటర్ ఎం.ఎస్. ముగించి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అక్కడి ఇంటర్వ్యూలో ఒకాయన, "నడివీధిలో పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తావు?" అని అడిగితే, పోలీసు, ఆసుపత్రి సహాయానికి ఫోన్ చేస్తానన్నారట. ముందు బిడ్డను ఎత్తుకోవాలయ్యా అన్నాడట ఆయన. ఈ ముచ్చట సత్య గారే తన పుస్తకంలో రాసుకున్నారు. 1996లో ఆయనకు పుట్టిన కొడుకు సెరిబ్రల్ పాల్సీతో బతికి 2022లో పోయాడు. ఆ ప్రశ్న అసలు అర్థం కొడుకును పెంచుతూ తెలిసివచ్చిందని ఆయన మాటల్లో కనిపిస్తుంది.

ఇక వ్యాపారం. 2014 ఫిబ్రవరి 4న, గేట్స్, బామర్ల తర్వాత మూడో అధిపతి అయ్యారు. ఆయన నమ్ముకున్నది క్లౌడ్. అదేమిటంటే, మన ఊళ్లో అందరూ ట్రాక్టరు కొనరు కదా, దున్నడానికి కావలసినన్ని గంటలు బాడుగకు పిలుచుకుంటారు. అట్లే ఎక్కడో పెద్ద భవనాల్లో ఉన్న కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద వాడుకొని, వాడినంతకే డబ్బు కట్టడం. విండోస్ అమ్ముకొని బతికిన కంపెనీని ఆయన ఈ బాడుగ దారి పట్టించారు. 2016లో లింక్డ్‌ఇన్‌ను 2,620 కోట్ల డాలర్లకు కొన్నారు.

అన్నీ పొగడ్తలే రాస్తే అది వ్యాసం కాదు. 2014లోనే 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. ఆయన రాకముందే ఖాయమైన నోకియా ఫోన్ల బేరం మీద 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం రాసేశారు. ఆ కోతలో ఎక్కువమంది నోకియా నుంచి వచ్చినవాళ్లే. తప్పు బేరం ఒకరు చేస్తే, ఇంటికి పోయినవాళ్లు వేరొకరు.

ఇదంతా ఇంట్లో చెప్పినాను. మామ ట్రాక్టరు దగ్గరే ఆగి, "గంటకెంత తీసుకుంటారంట?" అన్నాడు. మా నాయన మాత్రం యుగంధర్ గారి సంగతి ఇంకోసారి చెప్పించుకొని విన్నాడు.